సరిపోలని సంతకం

లాండ్రీ షాపులో మనిషి నలభై నిమిషాలు ఎక్కడికీ పోలేడు.
అది మార్వా కనిపెట్టిన సూత్రం.
బట్టలు గిర్రున తిరుగుతుంటాయి, మేం అడుగుతుంటాం:
మెడికెయిడ్ తీసేస్తామంటున్నారు,
తీయాలో వద్దో మనమే ఓటేసి తేల్చాలి, అందుకో సంతకం.

కొందరు పెడతారు. కొందరు సబ్బుపొడి డబ్బా వెనక
ఏం రాసుందో శ్రద్ధగా చదువుతారు.
"నా సొమ్ముతో సోమరిపోతులకు మందులా?" అన్నాడొకాయన.
అంటూనే దగ్గాడు. చాలాసేపు దగ్గాడు.
మార్వా ఫ్లాస్కులోంచి కాఫీ పోసిచ్చింది,
అట్ట మాత్రం ముందుకు చాపలేదు.
"దగ్గేవాణ్ణి ఏమీ అడక్కూడదు" అంది తర్వాత, కారులో.

ఈ మైదానాల్లో నవంబరు గాలి తలుపు తట్టదు,
తిన్నగా లోపలికొచ్చి కూచుంటుంది.
పెన్నులో సిరా బిగుసుకుపోతే
చంకలో పెట్టుకుని వెచ్చబెట్టాలి, థర్మామీటరులా.
రెండు వేల మూడొందల పేర్లు అలా కాచి తెచ్చాం.

ఆర్లిన్ ట్వేట్ ఇంటికి వెళ్ళింది నేనే.
ముప్పై ఏళ్ళు ధాన్యం గోదాంలో
తూకం చీటీల మీద సంతకం పెట్టిన చెయ్యి.
అది చూసి బ్యాంకు అప్పిచ్చేది,
అది చూసి గూడ్సు బండి కదిలేది.
ఇప్పుడా చెయ్యి ఎవరికో టెలిగ్రాం కొడుతున్నట్టు
ఒళ్ళో ఊరికే ఆడుతూంటుంది.
జబ్బు పేరు ఆయన పలకడు.
"వణుకొచ్చింది" అంటాడు, చుట్టమొచ్చినట్టు.
ఆ చుట్టాన్ని నెలనెలా పోషించేది మెడికెయిడే.

మోచెయ్యి బల్లకానించి,
ఎడమ చేత్తో కుడి మణికట్టు పట్టుకుని,
గడి దాటి, గీత దాటి, పైవాడి పేరు మీదికెక్కి
సంతకం పెట్టాడు.
నాగలి దించినవాడిలా ఊపిరి వదిలాడు.

మూడు వారాలకు కౌంటీ ఆఫీసు చీటీ:
పంతొమ్మిదో కాగితం, ఏడో వరుస, సంతకం సరిపోలలేదు.
లొరెట్టా అద్దం వెనక నించి
పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూపించింది.
పాతది నిటారుగా, ఇస్త్రీ చేసినట్టు.
కొత్తది భూకంపం గీసిన గీత.
"రూలు నేను రాయలేదు కదా" అంది.
నిజమే. ఆమె చెయ్యి ఎప్పుడూ వణకలేదు, అంతే.

ఈ రెంటికీ మధ్య ఉన్న తేడా కోసమే కదా
మేం ఊరూరా తిరుగుతున్నది అని
అనాలనుకున్నాను.
అనలేదు. ఫారం ఇమ్మన్నాను.
ఇద్దరు సాక్షుల ముందు మళ్ళీ పెట్టాలట,
శుక్రవారం అయిదింటిలోగా.

నేను వెళ్ళేసరికే ఆర్లిన్ సాధన చేస్తున్నాడు.
కరెంటు బిల్లుల వెనక, రొట్టె కవరు మీద,
నాలుక పంటికింద నొక్కిపెట్టి
తన పేరు తనే కాపీ కొడుతున్నాడు.
"పాతదాన్లా రావట్లేదు."
"పాతదాన్లా అక్కర్లేదు. నీదేనని చెబితే చాలు."
ఆ వంకర గీతల్ని చాలాసేపు చూశాడు.
"నాదే," అన్నాడు. "వీడూ నేనే."

రెండో సాక్షి కోసం పక్కింటి తలుపు తడితే
తీసింది లాండ్రీలో దగ్గినాయన.
"మీ కాగితం మీద నేను పెట్టను" అన్నాడు ముందే.
వద్దు, ఆర్లిన్ చెయ్యి ఆర్లిన్‌దేనని చెప్పండి.
"దానికి సాక్ష్యం కూడానా!" అని విసుక్కుంటూ
ఇంట్లో చెప్పుల్తోనే మంచులో నడిచొచ్చాడు.
పోతూ పోతూ ఆర్లిన్ వంటింటి కుళాయి కారుతోందని
కట్టేసి వెళ్ళాడు.

శుక్రవారం నాలుగూ నలభైకి
లొరెట్టా ముద్ర వేసింది. కాస్త పక్కకి పడింది.
ఒకటి.

ఇంకా ఎనిమిది వందల నలభై కావాలి.
బయట కారు వేడెక్కేలోగా
మార్వా పెన్ను చంకలో పెట్టుకుంటోంది.