గాసన్న కర్ర

పొద్దున్న ఆరూ యాభైకి కిరండోల్ పాసింజరు.
మర్రిపాలెం దాటేదాకా కునుకు,
కొత్తవలసలో ఉడకబెట్టిన వేరుశనక్కాయలు,
ఎస్.కోట వెనక్కి పోయాక
ఎవరితోనూ మాట్లాడను.
మొదటి సొరంగంలో
బోగీలో పిల్లలంతా ఒక్కసారిగా కేకేస్తారు.
నాకు యాభై నాలుగు. నేనూ వేస్తాను.

పోర్టులో ఇనుప ఖనిజం దించే చోట నా డ్యూటీ.
ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచి
నా రుమాలు తెల్లగా ఉన్న రోజు లేదు.
ఈ పట్టాల మీదే
ఎక్కడో పైనున్న కొండ పొడిపొడిగా దిగొస్తుంది.
ఈ పట్టాల మీదే
గట్టి బూట్లేసుకుని, బిస్కెట్ పొట్లాలతో
నేను ఎక్కిపోతుంటాను.
ఎదురొచ్చే గూడ్సుకి దారిచ్చి
మా బండి పక్కకి ఒదిగినప్పుడు
పెట్టెలు లెక్కపెట్టను.
సెలవురోజు కదా.

త్యాడలో దిగితే కిల్లో గాసన్న ఉంటాడు.
ఫోనుకి అందడు, బండికి అందుతాడు.
"ఏటి బాబూ, మల్లీ వొచ్చేసినారా!"
ప్రతిసారీ కొత్తగానే ఆశ్చర్యపోతాడు.

ఏ కాలానికైనా నా దగ్గరొక సాకుంది.
చలికాలం మంచు కోసం:
ముందు నడిచేవాడి దగ్గు వినిపిస్తుంది,
మనిషి కనిపించడు.
వేసవి మొదట్లో కాఫీ పూత కోసం.
అది రెండు రోజుల ముచ్చట, నేను మూడో రోజు వెళ్లాను;
రాలి నలిగిన పూల వగరు వాసన
అదీ బాగానే ఉంది.
వలిసెలు పచ్చగా విచ్చుకున్నప్పుడు
చేలో నిలబడి ఫొటో తీయించుకుంటే
గట్టు మీది ముసలమ్మ ఇరవై రూపాయలడిగింది,
పది ఇవ్వబోయి సిగ్గుపడ్డాను.
వానల్లో మాత్రం గెడ్డల కోసం.

గెడ్డ దాటేముందు
గాసన్న తన వెదురుకర్ర నీళ్లలోకి దించుతాడు.
మోకాలు, అంటాడు. దాటిస్తాడు.
నడుము, అంటాడు. ఆలోచిస్తాడు.
కర్ర చెయ్యి దాకా మునిగిందా,
"ఒద్దు బాబూ, ఎల్లిపోదుం."
నేను బతిమాలినా వినడు.

ఓ శ్రావణం మధ్యాహ్నం, రాతి చూరు కింద,
నా పిక్కకి పట్టిన జలగ మీద ఉప్పు రాస్తూ అడిగాడు:
"మీరు అన్ని కాలాల్లోనూ వొస్తారు.
మరి మీ ఊరు సూడ్డానికి ఏ కాలం మంచిది?"

నోట్లో బిస్కెట్టుంది.
మేలో చెమట, అక్టోబరులో తుఫాను భయం,
మిగతా నెలలన్నీ డ్యూటీ...
మింగి, ఎప్పుడైనా రా, అన్నాను.

ఆ ఎప్పుడైనా ఫాల్గుణంలో వచ్చింది.
కొత్త చింతపండు ఉండొకటి, కర్ర ఒకటి,
ఇంకే సామానూ లేదు.
మా పైడిరత్నం వడ్డించిన చేపల పులుసు
ముళ్లకి భయపడి, చారుతో సరిపెట్టుకున్నాడు.

ఎండ చల్లబడ్డాక జాలారిపేట పక్కన ఇసుకలోకి దిగాం.
చెప్పులు చేత పట్టుకుని
తిన్నగా నీళ్ల దగ్గరికి పోయాడు, కర్ర దించాడు.
"మోకాలు," అన్నాడు.
అల వెనక్కి పోయింది.
"మడమ."
అల వచ్చింది, పంచె తడిసింది.
"నడుము."
చాలాసేపు అలాగే నిలబడ్డాడు.
చుట్టూ కుర్రాళ్లు సెల్ఫీలు తీసుకుంటున్నారు.
"కొలిసేలోగా మారిపోతంది బాబూ.
దీన్ని మాత్రం నాను దాటించలేను."

దూరంగా ఓడలు వరసగా ఆగి ఉన్నాయి.
ఎందుకూ అనడిగితే
లోడుకోసం, అన్నాను.
ఇంకేమీ అడగలేదు.

మొహమ్మీద పడిన ఉప్పునీళ్లు తుడుచుకోమని
జేబులోంచి రుమాలు తీసిచ్చాను.
మడత విప్పి, ఉలిక్కిపడి,
నా చేతులు తిప్పి తిప్పి చూశాడు.

"నెత్తురేటి బాబూ? ఎక్కడ తెగింది?"

"దుమ్ము," అన్నాను.

అతను తుడుచుకోలేదు.
రుమాలు జాగర్తగా మడిచి
నా జేబులోనే పెట్టాడు.