కలం మూత

ఎంత తాగుతారని అడిగింది ఆ పిల్ల.
పిల్లంటే నలభై ఉంటాయేమో,
డెబ్బై నాలుగులో నాకు అందరూ పిల్లలే.
గ్లాసుల్లో కొలవడం ఎప్పుడో మానేశాను తల్లీ,
పొద్దుగూకిన దగ్గర్నుంచి నిద్ర ముంచుకొచ్చేదాకా
మధ్యలో ఉన్న గుంట పూడేంత.

హాలిఫాక్స్‌లో మంగళవారాలన్నీ పొగమంచే.
గ్రంథాలయం కింద నేలమాళిగలో ఏడు కుర్చీలు,
ఆరుగురు ముసలాళ్ళం. ఏడోది రస్సెల్‌ది,
మార్చి నుంచి ఖాళీ. తియ్యమని ఎవరూ అనరు.
గ్రాహమ్‌కి అరవై మూడు, మాలో కుర్రాడు.
రెండేళ్ళలో పదకొండు మందిని పాతిపెట్టొచ్చి
ఆ నల్ల సూటు ఉతికించడం మానేశానంటాడు.
ఇప్పుడు క్రిస్టల్. ఆ పొగ పీలిస్తే
పదకొండు మందీ గదిలోకొచ్చి డాన్సు చేస్తారట,
దిగిపోయాక మళ్ళీ పదకొండు చావులట.
వాల్టర్‌కి నిద్రమాత్రలు.
నాకు రమ్ము. నావికుణ్ణి కదా, మర్యాద తప్పలేదు.

నా పని వినడం.
ఓడ అడుగున చెవులకి డిప్పలు తగిలించుకుని
నీళ్ళలోకి ఒక కూత వదిలి
అది దేన్ని తాకి తిరిగొస్తుందో చెప్పడం.
తిమింగలమా, రాయా, శత్రువా.
పైన నన్నెవరో వింటున్నారని మాత్రం
వినలేకపోయాను.

డెబ్బై ఏడు, నవంబరు. కిటికీ లేని గది.
ఇద్దరు. కొట్టలేదు, అదీ చెప్పాలి.
సిగరెట్ ఇచ్చారు, వాళ్ళే వెలిగించారు.
ఎవరితో, ఎన్నిసార్లు, ఎక్కడెక్కడ అని
కిరాణా చీటీ చదివినట్టు అడిగారు.
మూడో రోజు పొద్దున
ఒక్క పేరు చెప్పు, ఇంటికెళ్ళిపో అన్నారు.
పెద్దాయన కలం మూత తీశాడు.
టిక్కుమంది.
సముద్రం అడుగున ఎన్ని చప్పుళ్ళు విన్నానో,
ఏదీ ఇన్నిసార్లు తిరిగి రాలేదు.

చెప్పాను.

ఇంటికి పంపారు. ఉద్యోగంలోంచి కూడా.

డోరీన్‌ని చేసుకున్నాను. మోసం కాదు, ప్రేమించాను.
నాకు మొదట్నుంచీ రెండు వాకిళ్ళు,
ఒకదానికి మేకులు కొట్టేశాను, అంతే.
నిద్రలో మేకులు ఊడేవి కాబోలు,
ఓ ఉదయం కాఫీ పోస్తూ అడిగింది:
ఎమీల్ ఎవరు?
ఓడలో వంటవాడు.
బాగా చేసేవాడా?
రొట్టె బాగా చేసేవాడు.
ముప్పై ఒక్కేళ్ళ కాపురంలో ఆ ఊసు అదొక్కసారే.
ఆ తర్వాత ఆమె ఇంట్లో రొట్టె కాల్చలేదు.

మోచేతుల దాకా పిండి అంటిన ఆ మనిషి
ఏ బస్సెక్కాడో, ఏ ఊళ్ళో దిగాడో, బతికాడో లేదో
తెలీదు. వెతకలేదు.
వెతకలేక తాగానా, తాగడం వల్ల వెతకలేదా,
ఈ పిల్ల కాయితంలో దానికి గడి లేదు.

ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. చెక్కూ పంపింది.
దాంతో ఫ్రిజ్ కొన్నాను. ఐసు బాగా కడుతుంది.
నాకు చెప్పారు, సరే.
నా తరఫున అతనికెవరు చెప్తారు?

ఈ మంగళవారం, ఎందుకో తెలీదు,
మూల హీటరు ఠంగుమంది, గ్రాహమ్ ఉలిక్కిపడ్డాడు,
ఎవరో నవ్వారు, ఆ నవ్వు మధ్యలో
ఎమీల్ థిబోడో, అన్నాను.
గట్టిగానే అన్నట్టున్నాను.
ఆ పిల్ల చేతిలో కలం ఉంది.
నలభై ఏడేళ్ళుగా ఆ చేతి వైపే చూస్తున్నాను.
ఆమె మూత పెట్టేసింది.
టిక్.
వాల్టర్ చెవి మిషను సరిచేసుకుని
మళ్ళీ చెప్పు, వినబళ్ళేదన్నాడు.
మళ్ళీ చెప్పాను.

దారిలో ఒక రొట్టె కొన్నాను.
ఇంటికెళ్ళి తాగావా అంటే, తాగాను, అబద్ధమెందుకు.
రొట్టె బల్ల మీదుంది.
ఇంకా కొయ్యలేదు.