కట్టు తీగ

బయట యాభై డిగ్రీలు.
షువైఖ్‌లో దుమ్ము లేచిందంటే
కిటికీ అద్దం పసుపు రాసిన గడప.
లోపల ఫ్రీజర్‌లో మైనస్ ఎనభై.
ఆ రెంటి నడుమ నూట ముప్పై డిగ్రీల వెడల్పే
నా ఉద్యోగం.

డబ్బాలో ఓదెలు పెద్దపేగు ముక్క,
కందిగింజంత.
లేబుల్ మీద పేరుండదు. నాలుగు వందల పదిహేడు.
అందులో నేను వెతికే మైక్రో ఆర్‌ఎన్‌ఏలకూ పేర్లుండవు, నంబర్లే:
ముప్పై నాలుగు, ఇరవై ఒకటి, రెండు వందలు.
సివిల్ ఐడీ చూపిస్తే గానీ మొహమెత్తి చూడని ఊళ్లో
ఇదేమీ వింతగా అనిపించదు.

ఒక్కోటి ఇరవై రెండు అక్షరాలు. అంతే.
వాటిని చదివి ఏ ప్రొటీనూ తయారు కాదు.
మా తాత పాత బైబిల్లో అరసున్నల్లా
రాతలో ఉంటాయి, నోట్లోకి రావు.
చాలాకాలం ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.
తీరా చూస్తే, కబురు మోసుకుపోయే ఆర్‌ఎన్‌ఏని
దారికాచి నోరు మూయించేవి ఇవే.

పేగు గోడ అడుగున, సన్నటి గుంటల్లో
మూలకణం కాపురం.
మంచిదైతే రోజూ గోడకి కొత్త సున్నం వేస్తుంది.
చెడిందా,
కఫీల్ సంతకం లేకుండా
తన అఖామా తానే రెన్యూవల్ చేసుకుంటుంది,
ఎన్నిసార్లయినా.
కీమో వచ్చిన రోజు ముసుగుతన్ని పడుకుంటుంది.
చుట్టూ ఉన్నవన్నీ చచ్చాక లేస్తుంది.

హసావీలో తనిఖీ రాత్రి, మిద్దె మీద నీళ్లట్యాంకు వెనక
ఊపిరి బిగబట్టే మనుషులు గుర్తొచ్చారు ఒకసారి.
సిగ్గేసింది. వాళ్లది భయం. దీనిది ఆకలి.
పోలిక కొట్టేశాను.

ఆ కణం రెండుగా చీలేటప్పుడు
ఏ బిడ్డ మూలంగానే మిగలాలి,
ఏది మామూలు కణమై పనిచేసి, ముసలిదై రాలిపోవాలి,
ఆ గట్టు తగవు తీర్చేవాళ్లలో ముప్పై నాలుగొకటి.
ఓదెలు ముక్కలో దానికోసం
ముప్పై ఆరో చక్రం దాకా కూచున్నాను.
గీత లేవలేదు.
ఇరవై ఒకటి మాత్రం పద్దెనిమిదికే నిక్కి నిలబడింది,
ఎవరో పిలిచినట్టు.

గురువారం ఆయనే వచ్చాడు, ఫైలు పట్టుకుని.
రిపోర్టులిచ్చే కిటికీ ఇది కాదన్నాను.
తెలుగు విని కదల్లేదు.
"నా ముక్కల ఏం దేవులాడుతున్నరు మేడమ్?"

ఇది మందు కాదని ముందే చెప్పాను.
ఎలుకల్లో ఆశ పుట్టించింది, మనుషుల దగ్గరికొచ్చేసరికి
ఇంకా చిక్కులున్నాయన్నాను.
తర్వాత కణం, కబురు, అక్షరాలు,
ఏడెనిమిది అక్షరాలు సరిగ్గా అతుక్కుంటే చాలు
ఎంత పొడుగు కబురైనా ఆగిపోతుందని
తడబడుతూ, సగం ఇంగ్లీషులో.

పంతొమ్మిదేళ్లు రాడ్ బెండింగ్ చేసిన మనిషి.
గోళ్ల కింద తుప్పు ఇంకా పోలేదు.
"ఓ, కట్టు తీగె అన్నట్టు.
జానెడు ముక్క. కొక్కెమేసి రెండు మెలికలు.
బరువంత రాడ్డే మోస్తదనుకుంటరు.
తీగె లేకుంటే కాంక్రీటు పోసే యాళ్లకు
రాడ్లు తలో దిక్కు పోతయి.
దాన్ని ఎవడు లెక్కవెడ్తడు, కిలోల కలిపి రాస్తరు."

నేను చదివిన పేపర్లేవీ ఇంత సూటిగా చెప్పలేదు.

"మరి నా దాంట్ల తీగె కట్టలేదా?"
"ముప్పై నాలుగు కట్టలేదు."
"ఎవడు మరిశిండో" అని నవ్వబోయి
పొట్ట పట్టుకున్నాడు, సంచీ ఉన్న వైపు.

ఆరో కీమో ఆదివారమట.
కంపెనీ బస్సు అటు పోదట.
వెళ్తూ కౌంటరు మీద ఏదో పెట్టాడు.
జేబులో మిగిలిన తీగముక్క,
రెండు మెలికలు వేసి ఉంది.

రాత్రి డ్యూటీ దిగేటప్పుడు గేటు దగ్గర మెషిన్ కూసింది.
బంగ్లా గార్డు అన్నీ తీయమన్నాడు.
తాళాలు, చిల్లర, చివరికి కోటు జేబులోంచి అది.
ఏంటిదన్నాడు హిందీలో. రిజిస్టర్లో రాసుకోవాలట.
ముప్పై నాలుగు, అన్నాను.
అంకె వేసుకుని
వెనక్కిచ్చాడు.