అడుగున ముప్పై రెండు

క్లాక్స్‌విక్‌లో వాన పడని రోజు అరుదు,
అందుకే వానతో మొదలుపెట్టను.

ఎడమ మెడ ఎముక కింద అగ్గిపెట్టెలో సగమంత బిళ్ళ.
నాలుగేళ్ళయింది.
మొదట్లో చుట్టంలా చూసుకున్నాను దాన్ని,
నిద్రలో కూడా ఆ పక్కకి ఒత్తిగిలేదాన్ని కాదు.
ఇప్పుడు ఇంటి పెత్తనమంతా దానిదే.

పద్దెనిమిదేళ్ళు పడవ పోటీల్లో
చుక్కాని దగ్గర కూర్చుని లెక్క అరిచినదాన్ని నేను.
ఆరుగురు ఆడవాళ్ళు, ఆరు తెడ్లు, ఒకటే నీటి చప్పుడు.
బిరిటా ఒక్కతే వెంట్రుకవాసి ఆలస్యం.
అంతమాత్రానికి పడవ మునగదు.
కొంచెం కొంచెంగా ఒక పక్కకి ఈడుస్తుంది,
ఒడ్డు చేరేసరికి
ఎవరి తప్పూ కాకుండానే అందరి భుజాలూ పడిపోతాయి.

స్కానింగ్‌లో డాక్టరు చూపించిందీ అదే.
తీగ కుడి గదిని ముందు తడుతుంది,
కబురు ఆలస్యంగా అందిన ఎడమ గది
చెప్పులు వేసుకోకుండా పరిగెత్తుకొస్తుంది,
రోజుకి లక్షసార్లు.
"గుండె కాస్త పెద్దదైంది," అంది.
పొంగిపోయే రకం పెద్ద కాదట.

రన్‌వా నా ఛాతీ మీద పరికరం ఆనించి
"కాసేపు దీన్ని ఆపుతాను,
కళ్ళు తిరిగితే చెప్పు," అంది.

ఆపింది.

తెర మీద గీత చదునుగా,
ఇంకా చదునుగా,
కిటికీ అవతల ఫెర్రీ కూత సగంలో ఉండగా
ఒకటి కొట్టింది.
నాది.
ఆలోచించుకుని, ఇంకొకటి.

"ముప్పై రెండు. అడుగున ఉన్నావు ఇంకా,"
నవ్వింది రన్‌వా.
"కానీ చూడు, దెబ్బ నీదే, తోక మాత్రం
మిషను నేర్పిన వైపే తిరిగింది.
ఆపేసినా వారాల తరబడి మరిచిపోదు గుండె."

హెర్‌గెయిర్ కుంటికాలికి తగ్గట్టు
నడక తగ్గించుకున్నదాన్ని నేను.
ఆయన పోయి ఆరేళ్ళు,
రేవు ఏటవాలు మీద ఇప్పటికీ
రెండడుగులకోసారి ఆగుతాను.
ఈ మాట రన్‌వాకి చెప్పలేదు.

మళ్ళీ వేసింది. అరవై.
కళ్ళల్లోకి వెలుగొచ్చింది,
కొంచెం అవమానంగా కూడా అనిపించింది.

వచ్చే నెల ఎడమవైపుకి ఇంకో తీగ,
రెండు గదులూ ఒకేసారి మొదలవడానికి.
సరేనన్నాను. సంతకం వంకరగా పడింది.

బయట రేవులో
అమ్మాయిలు కొత్త పడవ తోలుతున్నారు.
మూడో తెడ్డు పిల్ల ఆలస్యంగా వేస్తోంది.
అరిచి చెబుదామని నోరు తెరిచాను.
పోనీలే,
ఆ మలుపు దాకా అలాగే వెళ్ళనీ.