పూచీ

నూటికి అయిదు.
బండి నిండినా, ఖాళీగా నడిచినా,
గాలివానకి వంతెన దగ్గర పట్టాల మీంచి దొర్లినా
డబ్లిన్‌లో వాటాదారుడికి ఏటా నూటికి అయిదు.
తక్కువపడితే మా తాలూకా కట్టాలి.
సర్కారు చట్టంలో అలా రాశారు.
రాసినవాళ్ళెవరూ ఈ బురదలో దిగలేదు.
లాభం ఒకరిది, సంతకం ఒకరిది,
బంగాళాదుంపలు అమ్ముకున్న చిల్లర మాది.

మూడడుగుల వెడల్పు పట్టాలు.
ముసలి గాడిద పక్కన నడిస్తే
బండే సిగ్గుపడేంత వేగం.
నేను దానికి గార్డుని.
టోపీ, ఈల, టికెట్లు కొట్టే కత్తెర.
నా జీతం కూడా ఆ తక్కువపడ్డదాంట్లోదేనని
అప్పటికి నాకు తెలీదు.

నవంబరు సంత రోజు
డ్రమ్‌కావన్ మలుపులో మేక అడ్డం వస్తే ఆగాం.
మేకని లాక్కుపోవడానికొచ్చిన హొనోరా గెరాటీ
లాక్కుపోలేదు. మేకతో సహా ఎక్కి కూర్చుంది.
"టికెట్?" అన్నాను.
శాలువా మడతలోంచి కాగితం తీసి విప్పింది.
పన్ను రసీదు. నాలుగు షిల్లింగుల రెండు పెన్నీలు.
"మూడేళ్ళుగా ఈ బండికి పూచీ నేను.
ఒక్కసారీ ఎక్కలేదు.
పూచీ పడ్డ మనిషి
అప్పు తిన్నవాడి మొహమైనా చూడద్దా?"

పెట్టెలో ఉన్నది ఇద్దరు, ఓ ఫాదర్, ఓ గుడ్ల వ్యాపారి.
ఇద్దరికీ ఉన్నట్టుండి కిటికీ బయట ఏదో పని పడింది.
ఏం చెయ్యను? కత్తెర చేతిలో ఉంది.
రసీదుకే చిల్లు కొట్టాను.
మేకకి వేరే ఛార్జీ అడగడం మర్చిపోయాను.
ఆమె నవ్వలేదు.
మేకని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని
ఆ మూడు మైళ్ళూ
కొత్తగా కొన్న పొలం గట్లు చూసుకున్నట్టు
ప్రతి రాయీ, ప్రతి గుంటా చూసుకుంది.

ఫిబ్రవరిలో వసూలు గుమాస్తా వచ్చాడు.
నా చిల్లు సరిగ్గా అంకె మీద పడింది.
"నాలుగో, ఒకటో, ఎవరికి తెలుసు?
ఇది చెల్లదు. మళ్ళీ కట్టు."
కట్టింది.

నాకీ సంగతి చాన్నాళ్ళు ఎవరూ చెప్పలేదు.
మలుపులో మేక లేకపోవడం మాత్రం గమనించాను.
బండి ఎక్కడా ఆగకుండా వేళకి చేరుతోందని
కంపెనీవాళ్ళు ఆ ఏటి నివేదికలో
ఓ వాక్యం రాసుకున్నారు.