చాటింపు

గంగమ్మ చాటింపు పడి ఇది మూడో రాత్రి.
ఊళ్ళో ఉన్నోళ్ళు పొలిమేర దాటకూడదంట,
జాతర అయ్యేదాకా ఇంకో ఊళ్ళో పండుకోకూడదంట.
బస్టాండు మేడమీద సర్వర్ గదిలో ఉండా నేను.
దాటడానికి నాకు సెలవు యాడుండాది!

రెండుంబావుకు కరెంటు పోయి వచ్చింది.
ప్లాట్‌ఫారం బోర్డులు, స్పీకర్లు, ఎంక్వయిరీ పెట్టెలు
ముప్పై నాలుగూ ఒకేసారి నిద్ర లేచి
ఒకేసారి కేకేసినాయి:
నేనెవర్ని? నా అడ్రసేది?
ఒకరికని కాదు, తీగ ఉన్నంత మేరా వినపడే కేక.
ఇదీ చాటింపే. డప్పు లేదు, అంతే.

చిట్టా తెరిచినా.
ఇది నువ్వు. ఇది నీ నంబరు.
ఆరు గంటలకు ఇస్తా ఉండా, సొంతం కాదు.
మూడు గంటలకల్లా 'ఉండా' అని నువ్వే వచ్చి చెప్పల్ల,
చెప్పకపోతే గడువు తీరినాక ఇంకొకరికి ఇచ్చేస్తా.
కొర్లగుంటలో మా ఇంటి ఓనరు
ఈ మాటే, ఇదే గొంతుతో, ప్రతి అయిదో తేదీ.

అడ్రసులు కుదిరినాక పనులు.
పేర్లు లేని పనోళ్ళు పన్నెండుమంది
లోపల కాచుకోని ఉంటారు.
పిలుపొస్తే ఖాళీగా ఉన్నోడు లేచి వేషం కడతాడు.
సుద్ద పూస్తే బైరాగి, కుంకం పూస్తే బండ,
గంధం పూస్తే దొర;
పలమనేరు అడిగితే పలమనేరు,
సత్యవేడు అడిగితే సత్యవేడు.
పని కాగానే కడుక్కోని
మళ్ళా ఎవరూ కాకుండా కూర్చుంటాడు.
కింద బెంచీమీద, మొహాన కుంకం కడుక్కోకుండానే
నిద్రపోయినాడొక పిల్లోడు.
వాడింకా బండ వేషమే.

జాబితా చివర పదమూడోవాడు.
వీడికి పేరుండాది, వేషం మారడు:
కార్వేటినగరం రాత్రి సర్వీసు.
చెంగల్రాయులు సారు రిటైరయ్యే ముందు
చేత్తో పెట్టిపోయినాడు వీణ్ణి, గడువు లేకుండా,
నోటుబుక్కులో ఎర్ర ఇంకుతో రాసి, కింద రెండు గీతలు కొట్టి.
ఆ బస్సు ఆపేసి రెండేండ్లు.
వీడు మాత్రం పోర్టు తెరుచుకోని
దోవ చూస్తానే ఉండాడు.

మొన్న ఫోన్లో అడిగినా, తీసేద్దామా సార్ అని.
అవతల చాలాసేపు టీవీ శబ్దం.
"నీ ఇష్టం రా."
ఇష్టం రాయడానికి చిట్టాలో గడి లేదు.

ఈ రాత్రి తీసేద్దామని కీ మీద వేలు పెట్టినా.

అప్పుడే, మూడూ పదికి,
తొమ్మిదో ప్లాట్‌ఫారం పెట్టె దగ్గర ఎవరో బటను నొక్కినారు.
కెమెరాలో గాజుల చెయ్యి, ఒక మూట,
ఇంకేం కనపడలేదు.
పదమూడోవాడు లేచినాడు.
చెంగల్రాయులు గొంతే, కొంచెం జలుబు చేసినట్టు:

"కార్వేటినగరానికి రాత్రి బస్సు ఆపేసినారమ్మా.
అయిదుంబావుకు పుత్తూరు బస్సు ఎక్కి, ఆడ మారండి.
అందాకా ఫ్యాను కింద కూర్చోండి."

ఆపేసినాక మళ్ళా రికార్డు చేసినట్టుండాడు.
నాతో ఒక్క మాట అనలేదు.
అవును, లేదు అని చెప్పడానికైనా
ఒకడు ఉండల్ల.

గాజుల చెయ్యి మూట ఎత్తుకోని ఫ్యాను కిందికి పోయింది.
వీడు మళ్ళా కూర్చున్నాడు.
నేను వేలు వెనక్కి తీసుకోని
టీ తెచ్చుకోడానికి కిందికి దిగినా.

పైకొచ్చేసరికి అయిదుంబావు.
తెర మీద ఒక్కొక్కటే,
ఉండా, ఉండా, ఉండా.
కింద పుత్తూరు బస్సు రివర్సులో హారను కొడతా ఉండాది.