పద్నాలుగో చేతితొడుగు

మా ఊరి పేరు ఈ.
ఒక్కటే అక్షరం. చెప్పాక కూడా జనం
మిగతా పేరు కోసం కాసేపు నిలబడతారు.
మిగతాది ఏరే. డిసెంబరులో అదీ నోరు మెదపదు.

ఆదివారం, ఎనిమిదిన్నర.
సూర్యుడికి ఇంకా రెండు గంటలు టైముంది.
సున్నాకు ఇరవై నాలుగు మెట్ల కింద చలి.
యౌని బయట వ్యాను అద్దం మీద మంచు గీకుతున్నాడు.
ఇంట్లో పనికన్నా అది హాయి,
అందుకే అంత శ్రద్ధగా గీకుతాడు.

తడి బట్టలు ఆరేసే బీరువా తెరిస్తే
గొర్రె ఒకటి నా మొహం మీద ఊపిరి వదిలినట్టు వాసన.
ఏడుగురు పిల్లలు. పద్నాలుగు బూట్లు.
చేతితొడుగులు పదమూడు.
మళ్లీ లెక్కపెట్టాను.
లెక్కకు నా మీద జాలి లేదు.

హిల్యా పెద్దది, పదకొండేళ్లకే నా గొంతు పట్టేసింది,
"ముందు బాత్రూం, తర్వాత స్నో సూట్" అని తమ్ముళ్లని తోలుతోంది.
ఔకుస్తి ఒక కాలు ప్యాంటులో, ఒక కాలు కథల పుస్తకంలో.
వేయిక్కో, తౌనో ఒకే టోపీ కోసం కోర్టు పెట్టారు,
తీర్పు చెప్పాల్సింది నేను, వాయిదా వేశాను.
సైమా బూట్లు వేసుకుంది. బూట్లు మాత్రమే.
ఉర్హోకి ఎనిమిది నెలలు. మెడ దాకా జిప్పు లాగాక
నా కళ్లలోకి చూస్తూ, ఎర్రబడుతూ,
చెయ్యాల్సింది చేశాడు.
జిప్పు మళ్లీ కిందికి.

అప్పుడొచ్చింది లెంపి, ఒంటి చెయ్యి చాపి.
"అమ్మా, నా రెండో చెయ్యికి చలేస్తుంది."

అరిచాను.
ఏమన్నానో రాయను. ప్రార్థనకు వెళ్లే నోటితోనే అన్నాను, చాలు.
చలి తగలకముందే లెంపి లెంపలు ఎర్రబడ్డాయి.
ఇల్లు ఒక్క క్షణం మా ఏరంత నిశ్శబ్దం.
ఆ నిశ్శబ్దంలోనే అందరూ చకచకా తయారయ్యారు,
సిగ్గుపడాల్సిన సంగతి అదే.

వ్యానులో యౌని కీర్తన అందుకున్నాడు.
రెండో చరణానికి పిల్లలు కలిశారు,
మూడో చరణం దగ్గర నేనూ, పెదాలతో మాత్రం.
లెంపి ఒక చేతికి తౌనో మేజోడు తొడుక్కుని
కిటికీ ఆవిరి మీద గుర్రాన్ని గీసింది.
దానికి కాళ్లు ఐదు.

మందిరంలో వెనక వరస మాది, ఎప్పటినుంచో.
బోధించే సోదరుడు వారమంతా పైపులు బాగుచేస్తాడు,
గోళ్ల అంచున ఇంకా నలుపు.
ఏం చెప్పాడో నాకు ముక్కలుగా అందింది,
మధ్యలో సైమా బిస్కెట్టు, వేయిక్కో మోచెయ్యి, ఉర్హో ఆకలి.
తొంభై తొమ్మిదింటిని వదిలి ఒక్కదాన్ని వెతికాడట కాపరి.
వెతికే ముందు అరిచాడా,
వాక్యంలో లేదు.

కాఫీ విరామంలో కోటుల గదికి తీసుకెళ్లాను దాన్ని.
వేలాడే నూరు కోటుల మధ్య మోకాళ్ల మీద కూర్చుంటే
మా ఇద్దరి ఎత్తూ ఒకటే.
"లెంపీ, పొద్దున నీ మీద అరిచాను. క్షమిస్తావా?"
మా అమ్మ నన్ను ఇలాగే అడిగేది. మా అమ్మను వాళ్లమ్మ.
మాకు ఆస్తంటూ అందింది ఈ ఒక్క ప్రశ్న.

ఏలకుల బన్ను నములుతూ
మేజోడు చెయ్యి నా మెడ చుట్టూ వేసి
పెద్దవాళ్లు చెప్పే మాటలే చెప్పింది, ఒక్కటీ తప్పకుండా:
"యేసు నామంలో, ఆయన రక్తంలో
అన్ని పాపాలూ క్షమించబడ్డాయని నమ్ము."
తర్వాత, సొంతంగా:
"తొడుగు మాత్రం వెతుకు."

రుమాలు కోసం, పక్కనే వేలాడుతున్న
నా కోటు జేబులో చెయ్యి పెట్టాను.
ఉన్ని తగిలింది. ఎర్రది, చిన్నది.
శుక్రవారం ఏటి ఒడ్డున నేనే దాచాను, తడవకూడదని.
చెప్పాలా?
చెప్పాను.
నవ్వీ నవ్వీ దానికి బన్ను గొంతుకడ్డం పడింది.

ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం రెండున్నర, చీకటి.
తొడుగులన్నీ బీరువాలో తగిలించాను. పద్నాలుగు.
గోడ మీది క్యాలెండరులో నేను సున్నా చుట్టిన తేదీ
తొమ్మిది రోజుల వెనక ఉండిపోయింది.
పదహారు, అనుకున్నాను. యౌనికి ఇంకా చెప్పలేదు.
సంతోషమేనా అని దేవుడు అడిగితే
ఒక్క నిమిషం ఆగమంటాను, పాలు పొంగుతున్నాయి.

"రేపు కూడా ఆదివారమేనా?" అంది లెంపి, పైమెట్టు మీంచి.
కాదన్నాను.
కాస్త తొందరగానే అన్నాను.